పగ్గం లేని సారథి

అలాస్కాలో చిన్న ఊళ్ల గ్రంథాలయాల్లో మంచు మీద కుక్కల బండి తోలేవాళ్లు వచ్చి మాట్లాడటం కొత్తేమీ కాదు. వాళ్లను అక్కడ మషర్లు అంటారు. వెంట ఓ కుక్కను తెచ్చారంటే పిల్లలిక ఉపన్యాసం వినరు. పెద్దవాళ్లు చలి గురించీ తోడేళ్ల గురించీ అడుగుతారు. అసలు విద్య మాత్రం మషర్ సంచిలోంచి తీసి చూపించే చిన్న గుడ్డ మేజోడులో ఉంటుంది.

దాన్ని బూటీ అంటారు. పరుగులో కుక్క వేళ్ల సందున మంచు గడ్డకట్టి అరికాలు కోసుకుపోతుంది. అందుకే ప్రతి పాదానికీ ఒకటి తొడుగుతారు. పట్టీ బిగిస్తే రక్తం ఆడదు, వదులైతే దారిలో జారిపోతుంది. చేతి తొడుగులతో ఈ పని సరిగా సాగదు. ఎముకలు కొరికే చలిలో వట్టి వేళ్లతోనే చెయ్యాలి. 16 కుక్కల జట్టంటే 64 పాదాలు! పెద్ద పందేనికి వెయ్యికి పైగా బూటీలు సిద్ధం చేసుకుంటారు.

ఈ బండికి పగ్గాలుండవు. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకు, అంతా నోటిమాటే. ముందుండే నాయక కుక్కకు చెవి ఎంత ముఖ్యమో, బండిని ఆనుకుని నడిచే చివరి జంటకు బలం అంత ముఖ్యం. ప్రతి కుక్క నడుము పట్టీ నుంచి నడిమి తాడుకు ఒక లాగుడు తాడు ఉంటుంది. అది వేలాడిందంటే ఆ కుక్క లాగడం లేదన్నమాట. బద్ధకమా, నొప్పా అన్నది వెనక నిలబడ్డవాడే తేల్చుకోవాలి.

మజిలీ చేరగానే గడ్డి పరచాలి, మంచు కరిగించాలి, కొవ్వు మాంసం కలిపిన వేడి నీళ్లు పెట్టాలి, పాదాలు ఒక్కొక్కటీ తడిమి చూడాలి. తోలేవాడి కునుకు ఆ తర్వాతే.

1925 జనవరిలో నోమ్ పట్టణంలో కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, ప్రబలినప్పుడు మందును దాదాపు 1,085 కిలోమీటర్లు చేరవేసింది ఇలాంటి కుక్కల జట్లే. ఇరవై మంది చేతులు మారి, అయిదున్నర రోజుల్లో చేరింది. చివరి మజిలీలో పరుగెత్తిన బాల్టో అనే కుక్కకు న్యూయార్క్ పార్కులో విగ్రహం దక్కింది. మషర్ లియొనార్డ్ సెప్పాలా జట్టును ముందుండి నడిపిన కుక్క టోగో అందరికన్నా ఎక్కువ దూరం, గడ్డకట్టిన సముద్రం మీదుగా పరుగెత్తింది. నన్నడిగితే విగ్రహం దానికే ముందు పెట్టాల్సింది.

తర్వాత స్నోమొబైళ్లు వచ్చి ఊళ్లలో కుక్కల పని లాగేసుకున్నాయి. ఈ విద్య అంతరించిపోతుందన్న దిగులుతోనే జో రెడింగ్టన్ అనే మషర్ పూనుకుని 1973లో యాంకరేజ్ నుంచి నోమ్ దాకా ఇడిటరాడ్ పందెం నడిపించాడు. దాదాపు వెయ్యి మైళ్లు. 1985లో లిబ్బీ రిడిల్స్ తుఫానులోకి బండి తోలి, గెలిచిన తొలి మహిళ అయింది.

కీర్తి ఒక్కటే చెబితే అబద్ధమవుతుంది. ఈ పందెంలో కుక్కలు చనిపోయాయి, 2024లోనే మూడు. జంతుప్రేమికుల అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. నిబంధనల ప్రకారం ఒక 24 గంటల విశ్రాంతి, రెండు 8 గంటల విశ్రాంతులు తప్పనిసరి, మజిలీల్లో పశువైద్యులుంటారు. అలసిన కుక్కను వాళ్లకు అప్పగించి, మిగిలినవాటితో సాగిపోవచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా మషర్ మాట్లాడే ఇలాంటి సభకు వెళితే, ఎన్నో స్థానంలో వచ్చారని అడక్కండి. దారిలో ఎన్ని కుక్కల్ని ఆపేశారు, ఎందుకు ఆపేశారు అని అడగండి.