బెనెడిక్టు నియమము - గృహస్థాచరణము

క్రీ. శ. ఆఱవ శతాబ్దిని ఇటలీదేశమున మోంటెకసీనో మఠమందు బెనెడిక్టు రచించిన లాటిను నియమగ్రంథము సన్న్యాసులకై పుట్టినది. పీఠికయు 73 అధ్యాయములును గల యీ చిన్నపొత్తమును నేఁడు భార్యాపుత్రులతో నుండి యుద్యోగములు సేయు క్రైస్తవులు సైతము దినచర్యకుఁ బ్రమాణముగాఁ గొనుచున్నారు. 1984లో ఎస్తేర్ డి వాల్ ప్రకటించిన 'సీకింగ్ గాడ్' అను నాంగ్లగ్రంథ మిందులకు మిక్కిలి తోడ్పడినది. మఠవిధి గృహస్థునియం దెట్లన్వయించును? ఈ ప్రశ్నకుఁ బాఠనిర్ణయమే కొంత యుత్తర మిచ్చును.

మఠమునఁ జేరువాఁడు చేయవలసిన ప్రతిజ్ఞలు 58వ యధ్యాయమున నున్నవి: స్థైర్యము, విధేయత, వానితోడ 'కొన్వెర్సాతియో మోరుమ్' అనునది. చిక్కంతయు దీనియందే. అర్వాచీనప్రతులఁ బెక్కింట 'కొన్వెర్సియో' యని కలదు. ప్రాచీనమగు సాంక్త్ గాలెన్ 914వ వ్రాఁతప్రతి మొదటి పాఠమునే చూపుచున్నది. కథ్బర్టు బట్లరు 1912 నాఁటి ముద్రణమున దానినే గ్రహించెను. రెండును 'వెర్తెరె' ధాతుసంబంధులు. ఆ ధాతువు మన 'వృత్' ధాతువునకు సోదరము. కొన్వెర్సియో యనఁగాఁ బరావర్తనము, ఒకమాఱు మరలుట. కొన్వెర్సాతియో యందలి 'వెర్సారె' పౌనఃపున్యార్థకము, మన యఙంతమువంటిది. కావున నది నిత్యవర్తనము. 'మోరుమ్' అనునది శీలార్థకమున షష్ఠీబహువచనము. శీలముయొక్క వర్తన మనుట పునరుక్తిగాఁ దోఁచి లేఖకులు సులభపాఠమునకు దిగిరి కాఁబోలు. పునరుక్తిభీతిచే మూలమును దిద్దుట మన ప్రతులకును గ్రొత్తగాదు!

పరావర్తనమే పాఠమైనచో నియమమునకుఁ బ్రాణము లోకత్యాగక్షణము. గృహస్థున కందుఁ జోటు లేదు. వర్తనమైనచో వంటయిల్లును నియమక్షేత్రమే. 35వ యధ్యాయమున సోదరులు వారమునకొకరుగా వంటపని చేయుదురు. వంతు ముగిసినవాఁడు శనివారమునఁ దువాళ్ళుతికి, పాత్రలు శుభ్రపఱచి యప్పగింపవలెను. మఠపు పనిముట్లను బలిపీఠపాత్రలవలెఁ జూడవలెనని 31వ యధ్యాయము.

ఇంతవఱకు నూతనాచరణము మూలసమ్మతమే. దోష మొండుచోటఁ గలదు. నేఁటివారిలోఁ బలువురు ప్రార్థనావేళలను, మితాహారమును గైకొని, విధేయతను మనోభావమాత్రముగాఁ గరఁగించుచున్నారు. బెనెడిక్టు చేసినది దీనికి విపరీతము. 18వ యధ్యాయమునఁ దన కీర్తనవిభాగము నచ్చనివాఁడు వేఱొకటి యేర్పఱచుకొనవచ్చునని సెలవిచ్చెను. వారమున 150 కీర్తనలును బూర్తియైనఁ జాలును. విధేయతయం దట్టి సెలవు లేదు. పైఁగా, మొదటి యధ్యాయముననే, కాపరిలేక యిద్దఱు ముగ్గురుగానో యొంటిగానో నివసించి తమ యిష్టమునే శాస్త్రముగాఁ జేసికొను 'సరబాయితులను' తీవ్రముగా నిందించెను. తనకుఁ దానే గురువును శిష్యుఁడును నగువాఁ డా నింద తనకుఁ దగులదని చూపవలసియుండును. ఒక మఠమున కనుబంధించుకొని తన నడవడిని విన్నవించుకొను గృహస్థున కా భార మల్పము.

ఇంగ్లండులో లిటిల్ గిడ్డింగునఁ 1626 ప్రాంతమున నికొలాసు ఫెరారు నడపిన కుటుంబాచరణ మిటఁ బరిశీలింపఁదగును. అది బెనెడిక్టు పేరిట వెలసినది కాదు; శాశ్వతప్రతిజ్ఞయు లేదు. కాని తల్లి, తోఁబుట్టువులు, వారి సంతానము కలిసి వేళకు కీర్తనలు పఠించుచుండిరి. వంతు తప్పినవానిని వినువారు పక్కనే యుండిరి. 1641లో నొక కరపత్ర మా యింటిని సన్న్యాసినీమఠమని యెగతాళి చేసినది. ఫెరారు 1637లోనే మృతినొందియుండెను; ఆచారము మాత్ర మప్పటికిని సాగుచుండెను.