వేళ్ళు వెతకడమా, వంశం పొగడడమా?

అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’ పేరుతో తెలుగులోకి తెచ్చాడు. 1980 నుంచీ మన విద్యార్థులు చేతులు మార్చుకుంటూ చదువుతున్న పుస్తకం అది. అయితే మనం దాన్ని సగమే చదివామని నా అభిప్రాయం. కుంటా కింటే సంకెళ్ళకు కన్నీరు కారుస్తాం. కాని హేలీకి తన పూర్వీకుల సంగతి ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు అని అడగం.

ఇద్దరు చెప్పారు. ఒకరు అతని అమ్మమ్మ. ఆమె నోట తరతరాలుగా నిలిచినవి నాలుగు మాటలే: ఏటిని ‘కాంబీ బొలోంగో’ అనేవాడట, తంత్రీవాద్యాన్ని ‘కో’ అనేవాడట. రెండోవాడు గాంబియాలోని జఫూరే గ్రామంలో వంశకథ పాడిన గాయకుడు. వచ్చినవాడు ఏం వినగోరుతున్నాడో ఆ గాయకుడికి ముందే తెలుసునన్న ఆక్షేపణ 1977లోనే వచ్చింది. అంతమాత్రాన బానిస వ్యాపారం అబద్ధమైపోదు. కాని ఆంగ్లేయుల వర్తక కోట పక్కనే వున్న ఊరు పుస్తకంలో కల్మషమెరుగని పల్లెగా మారడానికి ఈ పొగడ్త ధోరణే కారణం. నాకు అమ్మమ్మ మాటలే విశ్వసనీయం.

మనకిది కొత్త కాదు. రెడ్లకు గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవారున్నారు, పద్మశాలీలకు కులపురాణం చెప్పే కూనపులివారున్నారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారున్నారు. వారి కళను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. త్యాగం పుచ్చుకుని చెప్పే కథలో దాత పూర్వీకుడు వీరుడే అవుతాడు. ఎద్దులనమ్ముకుని ఊరు విడిచినవాడుగా కనిపించడు.

మరి కాగితాలో? 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అలాంటి ఓడల జాబితాల్లో కూలి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రాసి వున్నాయి. నేటాల్, మారిషస్ తెలుగువాళ్ళ మునిమనుమలు ఆ ఒక్క పంక్తి పట్టుకునే కోస్తా జిల్లాల్లోనూ ఉత్తర ఆర్కాటులోనూ ఊళ్ళు వెతుకుతున్నారు. ఊరు దొరికితే గుడి, గోత్రం, ఫొటో. ఎందుకు పోయాడన్న గడి ఆ జాబితాలో లేదు. కూలీల లెక్క కోసం రాయించిన దానిలో వుంటుందనుకోవడమూ అమాయకత్వమే.

ఆ గడిలో ఏం రాయాలో మా ఆదోని చరిత్ర చెబుతుంది. ఓడలెక్కినవారిలో మావాళ్ళే ఎక్కువని నేననడం లేదు. ఊరు విడవడానికి కారణాలు మాత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. ధాత కరువు, అంటే 1876–78 నాటిది, వచ్చేనాటికి ఆదోని బళ్ళారి జిల్లాలో వుండేది. 1871, 1881 జనాభా లెక్కల నడుమ ఆ జిల్లా జనంలో సుమారు అయిదో వంతు, కర్నూలు జిల్లాలో నాలుగో వంతు తరిగిపోయింది. కరువు పనుల్లో మగవాడి రోజుకూలిని సర్కారు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించింది. రైలుమార్గం అప్పటికే ఆదోని మీదుగా వుంది. రైలు లేక జనం చావలేదు, కొనడానికి డబ్బు లేక చచ్చారు.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన నేతపనివారి సహకార సంఘం లెక్కలూ నా దృష్టిలో వంశచరిత్రలే. ఎవరు ఊళ్ళో నిలవగలిగారో అవి చెబుతాయి. నిలవలేనివారు ఈనాటికీ కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి గుంటూరు మిరపచేలకు పోతున్నారు. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. దాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల పండుగ. హేలీ అమ్మమ్మ దాచిన మాటల్లాంటిదే ఇదీ. కుటుంబ చరిత్ర రాయదలచిన మా విద్యార్థులు తాతను గోత్రం అడిగేముందు, ఏ ఏడు సుగ్గికి పోయాడో, ఎంత అప్పుతో పోయాడో అడిగి రాసుకోవాలి.