రేసు ముగిసిన గుర్రానికి రెండో చదువు

1984 ఒలింపిక్స్‌లో గుర్రాల పోటీలు చాలావరకు జరిగింది లాస్ ఏంజలెస్ దగ్గరి శాంటా అనీటా రేసుకోర్సులో. అడ్డంకులు దూకించే షో జంపింగ్‌లో వ్యక్తిగత స్వర్ణం, జట్టు స్వర్ణం రెండూ అమెరికా రౌతు జో ఫార్గిస్‌కు దక్కాయి. ఆయన ఎక్కిన ఆడగుర్రం పేరు టచ్ ఆఫ్ క్లాస్. ఆ పోటీల్లో అది 91 అడ్డంకులు దూకితే, కాలు తగిలి పడింది ఒకే ఒక్కటి. ఒలింపిక్స్‌లో వరుసగా రెండు రౌండ్లు ఒక్క తప్పూ లేకుండా ముగించిన తొలి గుర్రం అదే. అంతకుముందు ఇదే గుర్రం స్టిల్లాస్పిల్ అనే పేరుతో రేసుల్లో పరుగెత్తి, ఒక్కటి కూడా గెలవలేదు. మూపు దగ్గర ఐదడుగుల నాలుగంగుళాలు మాత్రమే ఉన్న ఆ పొట్టి గుర్రంలో ఏముందో కనిపెట్టి, ఓపిగ్గా కొత్త పని నేర్పిన వాళ్లకు ఎంత మొక్కినా తక్కువే.

రేసు గుర్రం జీవితంలో రేసులు ఉండేది కొద్దికాలమే. రెండేళ్ల వయసులో మొదలవుతుంది. చాలా గుర్రాలకు నాలుగైదేళ్లకే ఆట ముగుస్తుంది. బాగా చూసుకుంటే గుర్రం పాతికేళ్లకు పైగా బతుకుతుంది. అంటే దాని ముందు ఇంకా ఇరవై ఏళ్లు మిగిలి ఉంటాయి. ఆ ఇరవై ఏళ్లూ దానికి పనీ, తిండీ, తనదనే మనిషీ ఉండేలా చేసే విద్య గురించి మన పత్రికల్లో రాసినవాళ్లు అరుదు. మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండుకు తెచ్చిన మూడు తూర్పుదేశపు మగగుర్రాల నుంచి, రేసుల్లో పరుగెత్తే ఈ థరోబ్రెడ్ జాతి పుట్టిందని చెబుతారు. ఆ వంశచరిత్ర కన్నా, పరుగు ఆగిపోయిన మర్నాడు ఆ గుర్రానికి ఏం చెయ్యాలన్నదే ఇక్కడ అసలు సంగతి.

చెయ్యాల్సిన మొదటి పని, ఏ పనీ చెప్పకుండా వదిలెయ్యడం. రేసుల కాలంలో గుర్రం రోజుకు ఇరవై రెండు గంటల పైగా కొట్టంలోనే గడుపుతుంది. పొద్దున్నే గంటో రెండు గంటలో కసరత్తు, మిగతా సమయమంతా నాలుగు గోడలు. గింజల దాణా ఎక్కువ, గడ్డి తక్కువ. శిక్షణలో ఉన్న రేసు గుర్రాల్లో చాలా వాటికి కడుపులో పుండ్లు ఉంటాయని పశువైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అందుకే తెలిసినవాళ్లు ముందు దాణా తగ్గించి, ఎండుగడ్డి రోజంతా అందుబాటులో ఉంచుతారు. పుండ్లకు మందు ఇప్పిస్తారు. కాళ్లకు ఎక్స్‌రే, స్నాయువులకు అల్ట్రాసౌండ్ తీయించి పాత దెబ్బలన్నీ లెక్క చూసుకుంటారు. పరుగు కోసం కొట్టిన పల్చటి అల్యూమినియం లాడాలు ఊడదీసి, డెక్కలకు ఊపిరి ఆడనిస్తారు. బయట వదిలేటప్పుడు పెద్ద మైదానంలోకి తోలరు. ముందు చిన్న ఆవరణలో, నెమ్మదస్తురాలైన మరో గుర్రాన్ని పక్కన పెట్టి వదులుతారు. లేదంటే ఏళ్ల తరబడి మూసి ఉంచిన వేగమంతా ఒక్కసారిగా విప్పి, కంచెకు గుద్దుకుని కాలు విరగ్గొట్టుకుంటుంది. ఇలా వారాలు, ఒక్కోసారి నెలలు గడిచాక కండ కాస్త కరిగి, పొట్ట నిండి, కన్ను మెత్తబడుతుంది. అప్పటిదాకా జీను ఊసే ఎత్తరు. ఆ ఆగడంలోనే సగం విద్య ఉంది.

ఎక్కే రోజు వచ్చాక అసలు నేర్పు బయటపడుతుంది. రేసుకోర్సులో జాకీని గుర్రం నడుస్తూ ఉండగానే, గుర్రాన్ని చూసుకునే సైసు కాలు పట్టి పైకి ఎత్తేస్తాడు. ఎక్కేటప్పుడు నిలబడమని ఆ గుర్రానికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రౌతు ఒక దిమ్మె పక్కన దాన్ని నిలబెట్టి, రికాబులో కాలు పెట్టి, దించేసి, మళ్లీ పెట్టి, మెడ నిమిరి, ఎక్కకుండానే లోపలికి తీసుకుపోతాడు. మర్నాడూ అదే. నాలుగో రోజో అయిదో రోజో గుర్రం నిట్టూర్చి ఒక వెనక కాలు సడలించి నిలబడుతుంది. ఎక్కాల్సిన క్షణం అది. చూడ్డానికి ఏమీ జరగనట్టే ఉంటుంది కానీ, గొప్ప శిక్షకుల పనితనమంతా ఆ ఏమీ జరగనితనంలోనే కనిపిస్తుంది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన పెద్దలన్నారు. రేసు గుర్రం విషయంలో ఆ మాట తిరగబడుతుంది. జాకీ రెండు పగ్గాలూ కలిపి బిగించి పట్టుకుంటాడు. గుర్రం ఆ బిగువు మీద ఒరిగి, దాని ఆసరాతో వేగం పెంచుతుంది. కాబట్టి కళ్లెం లాగడం అంటే దానికి తెలిసిన అర్థం ‘ఇంకా పరుగెత్తు’ అనే. కొత్త యజమాని భయపడి లాగినకొద్దీ గుర్రం దౌడు తీస్తుంది. ‘ఇది పిచ్చిది’ అని వారం తిరక్కుండా అమ్మేస్తాడు. పిచ్చి గుర్రానిది కాదు. తెలిసిన రౌతు పగ్గం వదులు చేస్తాడు, తన ఒంటిని వెనక్కి నిటారుగా కూర్చోబెడతాడు, ఊపిరి నిదానంగా వదులుతాడు. పెద్ద గుండ్రం వేయించి, గుండ్రాన్ని చిన్నది చేస్తూ పోతాడు. వేగం తనంతట తనే తగ్గుతుంది. కాళ్ల సంగతీ అంతే. రేసు జీను కిలో కూడా తూగని చిన్న తునక. జాకీ దాని పైన గాలిలో ఒదిగి ఉంటాడు, అతని కాళ్లు గుర్రం పక్కలకు తగిలేదే తక్కువ. ఇప్పుడు రెండు పక్కలా బరువైన కాళ్లు వేలాడితే అది ఉలిక్కిపడుతుంది. ఆ కాలి తాకిడి భయం కాదు, మాట అని దానికి అర్థమయ్యేదాకా నడకలోనే ఉంచాలి.

అమెరికాలో రేసులు ఎడమకు తిరుగుతాయి. అక్కడి గుర్రానికి ఎడమ మలుపు చక్కగా వస్తుంది, కుడికి తిప్పితే ఒళ్లంతా కొయ్యబారిపోతుంది. దాన్ని సరిచేసేది చిన్నచిన్న కసరత్తులే. నేల మీద కర్రలు నాలుగున్నర అడుగుల ఎడంతో పరిచి వాటి మీదుగా తేలికపాటి పరుగు (ట్రాట్) చేయిస్తే, గుర్రం తల దించి కాలు ఎక్కడ పెడుతున్నానో చూసుకోవడం నేర్చుకుంటుంది. వీపు పైకి లేస్తుంది. కండ ఒక చోట తగ్గి మరో చోట పెరుగుతూ ఉంటుంది కాబట్టి మొదటి ఏడాది జీను మాటిమాటికీ సరిచూడాలి. సరిపోని జీనుతో వీపు నొప్పెట్టి వెనక కాళ్లు ఎగరేస్తే, ఆ తప్పు కూడా గుర్రం ఖాతాలోనే పడుతుంది!

ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లు ఆ గుర్రానికి అప్పటికే వచ్చినవాటిని లెక్కపెట్టరు. లారీ ఎక్కడం, దిగడం, లాడాలు కొట్టించుకోవడం, స్నానం, డాక్టరు సూది, జనం కేకలు, మైకుల హోరు, పక్కనే గుర్రాలు దూసుకుపోవడం ఇవన్నీ రేసు గుర్రం పసితనంలోనే నేర్చేసుకుంటుంది. వేరే జాతి కుర్రగుర్రానికి ఇవన్నీ నేర్పడానికి ఏళ్లు పడతాయి. అన్నిటికన్నా మించి, ఈ జాతికి గుండె ఉంది. అలసిపోయిన తర్వాత కూడా అడిగితే ఇంకాస్త ఇచ్చే గుణం దీని రక్తంలో ఉంది.

నెవిల్ బార్డోస్ కథ వింటే ఈ మాట అతిశయోక్తి అనిపించదు. ఆస్ట్రేలియాలో రేసుల్లో రాణించని ఆ గుర్రాన్ని రౌతు బోయిడ్ మార్టిన్ 850 డాలర్లకు కొన్నాడు. అమెరికా తీసుకెళ్లి, డ్రెస్సాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిసిన ఈవెంటింగ్‌లో తీర్చిదిద్దాడు. 2011 మేలో పెన్సిల్వేనియాలోని వాళ్ల కొట్టానికి నిప్పంటుకుని ఆరు గుర్రాలు చనిపోయాయి. మంటల్లోంచి నెవిల్‌ను బయటికి లాక్కొచ్చారు. పొగతో ఊపిరితిత్తులు, గొంతు కాలిపోయాయి. ఆక్సిజన్ గదిలో పెట్టి వైద్యం చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ గుర్రం ఇంగ్లండులోని బర్లీలో, ప్రపంచంలోనే అతి కఠినమైన క్రాస్ కంట్రీల్లో ఒకటి పరుగెత్తి ఏడో స్థానంలో నిలిచింది. కాలిన ఊపిరితిత్తులతో, నాలుగు నెలలు తిరక్కుండా! దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన గుర్రాలు దాని వెనకబడ్డాయి.

ఈ విద్యకు గురుపీఠాలూ ఉన్నాయి. ఒహాయోలో డాట్ మోర్గాన్ 1992లో మొదలుపెట్టిన న్యూ వొకేషన్స్ ఏటా నాలుగు వందలకు పైగా గుర్రాలకు ఇళ్లు వెతికి పెడుతోంది. గుర్రాన్ని ఎవరికి పడితే వారికి ఇవ్వరు. దరఖాస్తు చూసి, ఆ రౌతు స్థాయికి తగిన గుర్రాన్నే కలుపుతారు. న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్‌కిల్ జైల్లో 1980ల నుంచే ఖైదీలు రిటైరైన రేసు గుర్రాలను సాకుతూ ఆ పనే వృత్తిగా నేర్చుకుంటున్నారు. 2010లో స్టువర్ట్ పిట్‌మన్ స్థాపించిన రిటైర్డ్ రేస్‌హార్స్ ప్రాజెక్ట్ కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఏటా థరోబ్రెడ్ మేకోవర్ నిర్వహిస్తోంది. రేసుల నుంచి కొత్తగా వచ్చిన గుర్రాలు పది నెలల లోపు శిక్షణతో పది రకాల పనుల్లో పోటీపడతాయి. డ్రెస్సాజ్, జంపింగ్, పోలో, పశువులను మళ్లించే పని, పీపాల చుట్టూ తిరిగే పరుగు అన్నీ ఉంటాయి. నిన్నటిదాకా నేరుగా పరుగెత్తడం తప్ప తెలియని గుర్రం అక్కడ ఆవుదూడ కళ్లలోకి చూస్తూ అటూ ఇటూ గెంతుతుంటే చూడాలి!

అయినా పెద్ద పోటీల్లో ఈ జాతికి పీట తగ్గింది. 1980ల తర్వాత యూరప్ నుంచి వచ్చిన వార్మ్‌బ్లడ్ గుర్రాల మోజు అమెరికా మైదానాలను కమ్మేసింది. పెద్ద అంగ, ఒద్దికైన స్వభావం ఉన్నాయని ఒప్పుకోవచ్చు. కానీ వాటి ఖరీదు మామూలు రౌతుకు అందదు. న్యాయనిర్ణేతల కళ్లు కూడా ఆ బరువైన నడకకే అలవాటుపడ్డాయి. ఆటను డబ్బున్నవాళ్ల సొంతం చేసిన ఫ్యాషన్ అది. కొద్ది డాలర్లకు దొరికే రేసు గుర్రంతో ఒక పేద పిల్ల ఒలింపిక్స్ దాకా కల కనే దారి దాదాపు మూసుకుపోయింది.

ఇంతకన్నా మండించేది మరొకటి ఉంది. రేసు గుర్రాలకు ఆదరణ పెరిగిందని తెలియగానే వ్యాపారులు దిగారు. చౌకగా కొనుక్కొచ్చి, నెలరోజులు జీను వేసి, నాలుగు అడ్డంకులు దూకించి వీడియో తీసి, ‘పిల్లలకైనా సరిపోతుంది’ అని రెండింతలకు అమ్మేస్తారు. పుండ్లకు మందు లేదు, కాలికి ఎక్స్‌రే లేదు, విశ్రాంతి అసలే లేదు. నోరు కట్టేసే బిగువు పట్టీలు, నోట్లో వాడి కళ్లెం వేసి తల వంచితే అది శిక్షణ అనిపించుకుంటోంది. గుర్రం పైకి వంగి ఉంటుంది, లోపల మండిపోతూ ఉంటుంది. కొన్నవాళ్లింట్లో మూడో వారం ఎవరో కిందపడి చెయ్యి విరుగుతుంది. గుర్రం మళ్లీ సంతకెళుతుంది. ఆ సంతల చివర కబేళా లారీ నిలబడి ఉంటుంది. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007లో మూతపడ్డాక కూడా సరిహద్దు దాటించి కెనడా, మెక్సికోలకు తోలారు. నెలరోజుల శిక్షణ పేరుతో ఈ నేరానికి దారి వేస్తున్నవాళ్లను శిక్షకులనడం ఆ మాటకే అవమానం.

గెలిచిన గుర్రానికైనా భద్రత ఉందా అంటే అదీ లేదు. 1986 కెంటకీ డెర్బీ గెలిచి, 1987లో అమెరికాలో ఆ ఏటి మేటి గుర్రమైన ఫెర్డినాండ్‌ను జపాన్‌కు అమ్మారు. 2002లో అక్కడే కబేళాకు పోయిందని తర్వాతి ఏడాది బయటపడింది. ఆ సిగ్గు నుంచే మార్పు వచ్చింది. న్యూయార్క్ యజమానులు ‘ఫెర్డినాండ్ ఫీజు’ అని స్వచ్ఛంద చందా మొదలుపెట్టారు. 2012లో థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ ఏర్పడి, తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చిన ఆశ్రయాలకే నిధులిస్తోంది. బ్రిటన్‌లో రేసుల సంఘమే 2000లో రిట్రెయినింగ్ ఆఫ్ రేస్‌హార్సెస్ అనే సంస్థను నిలబెట్టింది.

మరి మన సంగతి? హైదరాబాదులో నిజాం కాలంలో 1868లో మౌలాలీలో మొదలైన రేసులు 1886లో మలక్‌పేటకు మారాయి. అంటే నూట యాభై ఏళ్లు దాటిన వైభవం. మన దేశపు రైడింగ్ క్లబ్బుల్లో పిల్లలు మొదట ఎక్కేది చాలాచోట్ల రేసులు మానేసిన గుర్రాన్నే. కడుపు పుండ్లు, కాలి నొప్పి ఎవరూ చూడకపోయినా ఆ మూగజీవి పసివాళ్లను మోస్తూనే ఉంది. 2025 వేసవిలో హైదరాబాదు నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరికి 57 గుర్రాలను తరలించారు. వాటిలో థరోబ్రెడ్లూ ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే ఎనిమిది చనిపోయాయి. ఆ తర్వాత ఇంకొన్ని. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని చెప్పుకునే నేల మీద, కళ్లూ కాళ్లూ బాగున్న గుర్రాలకే దిక్కు లేకపోతే ఎవరిని అడగాలి?

అడగాల్సింది గుర్రాల యజమానులను, క్లబ్బులను, పందెం కాసేవాళ్లను కూడా. ప్రతి రేసు బహుమతిలో కొంత భాగం రిటైరైన గుర్రాల నిధికి కోయండి. ట్రాక్ నుంచి బయటికి వెళ్లే ప్రతి గుర్రం ఎవరి చేతికి వెళ్లిందో నమోదు చేసి ఏడాదికోసారి ప్రకటించండి. గుర్రాన్ని పేరుతో పిలిస్తే తల తిప్పేలా సాకిన మన సైసులకు ఈ రెండో చదువు నేర్పించి, జీతమిచ్చి పెట్టుకోండి. గుర్రం కొనాలనుకునే పాఠకులారా, నెలరోజుల్లో తయారైందని చెప్పే వ్యాపారి దగ్గర కొనకండి. కాళ్ల ఎక్స్‌రేలు చూపించమనండి. రేసులు ఎప్పుడు మానిందో, ఆ తర్వాత ఎన్ని నెలలు విశ్రాంతి ఇచ్చారో అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే అక్కడి నుంచి వచ్చేయండి.