జ్వాల దారిలో మెట్లు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదివి చాలా సంతోషించాను. నంద్యాల నుంచి ఒక పాఠకుడు రాశారు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి వెళ్లే దారిలో సిమెంటు మెట్లు, ఇనుప వంతెన, చేతికి కమ్మీలు చూసి ఆయనకు కడుపు మండిందట. ‘‘కొండంతా మెట్లే అయితే ఇక కొండెక్కడం ఎందుకండీ? సిమెంటంటే మీకూ పడదు కదా, గట్టిగా రాయండి’’ అన్నారు. నా సంగతి ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. చెరువు గట్టుకు సిమెంటు పూసినా, రావిచెట్టు మొదట్లో సిమెంటు అరుగు బిగించినా నేను ఊరుకోను. ఉత్తరం మడత పెట్టకముందే సగం కాలమ్ మనసులో తయారైపోయింది.

అటువైపు వెళ్లనివారి కోసం కొంచెం చెప్పాలి. ఆళ్లగడ్డ దాటాక నల్లమల అంచున ఉన్న పల్లె దిగువ అహోబిలం. ప్రహ్లాద వరదుని గుడి, విజయనగర కాలపు మండపాలు, వాటి చుట్టూ వీధులు. శ్రీకృష్ణదేవరాయలు స్వయంగా వచ్చి స్వామికి కానుకలిచ్చినట్టు ఇక్కడ శాసనం ఉంది. అక్కడికి 8 కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ ఎగువ అహోబిలం. తొమ్మిది నరసింహ క్షేత్రాలు ఈ కొండల్లో, లోయల్లో తలా ఒక చోట ఉన్నాయి. కొన్నింటి దాకా బండి పోతుంది. వరాహ నరసింహుడి దగ్గరికీ, జ్వాలకూ వెళ్లాలంటే మాత్రం కాళ్లే దిక్కు. గరుడాద్రికీ వేదాద్రికీ మధ్య భవనాశిని పారుతుంది. చాలా దూరం దారి ఆ వాగు వెంటే పోతుంది, ఒక్కోచోట వాగులోనే పోతుంది. జ్వాల గుడి ముందు కొండ పైనుంచి నీళ్లు పడతాయి. వానలు బాగా కురిసిన ఏడాది ఆ ధార కింద తడవకుండా స్వామిని చూడలేం. ఇంకా పైన ఉగ్రస్తంభం. నిలువునా చీలినట్టున్న ఆ కొండకొమ్ము నుంచే నరసింహుడు వెలువడ్డాడని నమ్మకం.

నేను పెరిగింది పల్నాటి మెట్టపొలాల్లో. చదును నేల మీద ఎండలో ఎంత దూరమైనా నడిచేవాణ్ణి. కొండ నడక వేరే విద్య. దాన్ని నాకు నేర్పింది ఎగువ అహోబిలం దగ్గరి గూడెం నుంచి మాకు దారి చూపడానికి వచ్చిన ఒక చెంచు పెద్దాయన. చేతిలో కర్ర, భుజాన తుండు, అంతే. పాదాలకు ఏమీ లేవు. కాసేపు నా వెనకే నడిచి, నా అడుగులు గమనించి, తర్వాత ముందుకొచ్చి ఒక్క మాట చెప్పాడు: ‘‘కాలు గాదు సామీ, కన్ను ముందర పోవల్ల.’’

ఆ మాటలో ఎంత ఉందో నడిచేకొద్దీ తెలిసింది. మనం అడుగు వేస్తూ పాదాన్ని చూసుకుంటాం. ఆయన చూపు ఎప్పుడూ రెండు మూడు అడుగుల అవతల ఉండేది. రాయిని కన్ను ముందే ఎంచుకుంటుంది, పాదం చూడకుండానే వచ్చి దాని మీద వాలుతుంది. ఈలోగా కన్ను తర్వాతి రాయి దగ్గర ఉంటుంది. ఇది కుదిరిందంటే శరీరం ఎక్కడా ఆగదు, ఆయాసం సగానికి సగం తగ్గుతుంది.

రాళ్ల సంగతీ ఆయనే చెప్పాడు. నల్లమలలో ఎక్కువగా కనిపించేవి క్వార్ట్‌జైటు, దాని పొరల మధ్య పలకరాయి. ఈ పేర్లు పుస్తకాలవి. ఆయనకు శబ్దం చాలు. కర్రతో తడితే గట్టిరాయి ఖంగుమంటుంది, దాని మీద నిలబడవచ్చు. పలకరాయి బొదబొదమంటుంది, బరువు మోపగానే పెళ్లలుగా జారిపోతుంది. వాగు దాటేటప్పుడు నున్నగా నల్లగా మెరిసే బండ మీద కాలు పెట్టవద్దు, అది పాచి. దానికంటే పక్కనున్న నీళ్లలోకి దిగి ఇసుక మీద నడవడం మేలు. చెప్పులు తడిస్తే ఆరతాయి, మోకాలి చిప్ప పగిలితే కొండ మీద కట్టేవాళ్లు లేరు. పట్టు కోసం గడ్డిని నమ్మవద్దు, ఎండుకొమ్మను నమ్మవద్దు. చెట్టును పట్టుకుంటే మొదట్లో, వేరు దగ్గర పట్టుకోవాలి. ఎక్కుతూ మాట్లాడవద్దు, మాట ఉంటే నిలబడి చెప్పాలి. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి ఎంతవరకు అందుతుందో అదే నీ వేగం. పక్కవాడి వేగంతో నీకు పని లేదు.

దిగడం గురించి ఆయన చెప్పింది మాత్రం నేను ఎవరికైనా మొదట చెబుతాను. మోకాళ్లు కొంచెం వంచి, ఒంటిని కాస్త పక్కకు తిప్పి, చిన్న చిన్న అడుగులు వేయాలి. ఎక్కేటప్పుడు అలుపొచ్చి మనమే ఆగుతాం, దిగేటప్పుడు ఆపేది ఏదీ ఉండదు.

దారి పొడుగునా చెట్లు చూపించాడు. తెల్లమద్ది కనిపిస్తే వాగు దగ్గర్లోనే ఉన్నట్టు. మొసలి వీపులా బెరడున్న నల్లమద్ది కాండంలో ఎండాకాలంలోనూ నీరు దాగి ఉంటుంది. మోదుగ, తునికి, నేరేడు, వెదురు సరే, నేను ఎప్పుడూ వినని పేర్లు కూడా ఎన్నో చెప్పాడు. 1958 నాటి ‘చెంచులక్ష్మి’లో అంజలీదేవి అడవికి కొత్తగా వచ్చిన అక్కినేనిని నీకేం వచ్చని నిలదీస్తూ పాడే పాట మా తరానికి నోటికొచ్చు. ఆ పాట తీసినవాళ్లు తెలిసే తీశారనిపించింది. అడవిలో మనిషికి విలువ కట్టేది నడకతోనే, చెట్టెక్కే నేర్పుతోనే.

ఇంత నేర్పు పుట్టించిన దారిని సిమెంటు పోసి చదును చేయడం ఏమిటని రాయబోయాను. మెట్ల మీద కన్ను ముందు పోనక్కర్లేదు, చెవికీ కర్రకూ పని లేదు. నంద్యాల పాఠకుడి బాధ నాకు అక్షరాలా అర్థమవుతుంది.

కానీ ఈ కొండకు మెట్లు కొత్త కాదు. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. 1323లో ఓరుగల్లు పడిపోయాక తెలుగు నేల అల్లకల్లోలమై, యాత్రలు దెబ్బతిన్న కాలం అది. కోటలు కట్టుకోవలసిన రోజుల్లో ఆయన సోపానాలు కట్టించాడు. ఆ ఘనకార్యం తరతరాలుగా ఆయన పేరుతోపాటే చెప్పుకుంటున్నాం. ఆయన ఆస్థానంలోని ఎర్రాప్రగడ భారతంలో మిగిలిపోయిన అరణ్యపర్వాన్ని పూర్తిచేశాడు, నృసింహపురాణం రాసి అహోబలేశ్వరుడికే అంకితమిచ్చాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు తిరుమంగై ఆళ్వార్ ఈ కొండను కీర్తిస్తూ ఇక్కడికి చేరడం ఎంత కష్టమో మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆ కష్టం తెలిసే రెడ్డిరాజు మెట్లు వేయించాడని నాకనిపిస్తుంది. ఎర్రన అడవిని అక్షరాల్లో పెట్టిన రోజుల్లోనే ఆ అడవిలోకి మామూలు మనిషి కాలు మోపే వీలు కలిగింది. ఆ మెట్లను మెచ్చుకుని ఈ మెట్లను తిట్టడం ఎలా?

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు మాకు ఎదురైన డోలీ. అందులో బాగా వయసు మళ్లిన ఒకావిడ చేతులు జోడించుకుని కూర్చుంది. ముందు మోసేవాడి చూపు, మా పెద్దాయన చెప్పినట్టే, రెండడుగులు ముందు ఉంది. వెనక మోసేవాడి కళ్లకు అడ్డంగా డోలీ ఉంది, డోలీలో మనిషి ఉంది. తన పాదం పడబోయే చోటు అతనికి కనిపించదు. కన్ను ముందు పోవాలన్న విద్య అతనికి ఎంత వచ్చినా అక్కడ అక్కరకు రాదు. ముందువాడు ‘‘ఎత్తు’’, ‘‘పల్లం’’ అని కేకేస్తుంటే, ఆ కేకను నమ్మి కాలు వేస్తున్నాడు. అతనికి దారిలో కావలసింది ఒక్కటే, ఒక మెట్టు ఎంత ఎత్తుంటే తర్వాతి మెట్టూ అంతే ఎత్తుండటం.

అహోబిలం స్వామి కూడా భుజాల మీదే తిరుగుతాడు. కనుమ నాడు మొదలయ్యే పార్వేటలో ఆయన నలభై రోజులకు పైగా పల్లకిలో ఊరూరా తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి తానే జనాన్ని పిలుస్తాడు. ఒక్కో ఊళ్లో ‘తెలుపు’ అనే అరుగు మీద పల్లకి దించుతారు. మోసే బోయీల భుజాలు ఎంత కాయకాచి ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. కొండల్లో నడకను ఆటగా, ఆనందంగా తలచుకునే నాలాంటివాళ్లం ఆ దారికి చుట్టాలం. బరువుతో నడిచేవాళ్లదే ఆ దారి.

అందుకని నంద్యాల మిత్రుడు కోరిన కాలమ్ రాయలేను. మెట్లు ఉండాలి, ఇప్పుడున్నవాటికంటే బాగుండాలి. సిమెంటు మీద నా కోపం చల్లారలేదు. అది పగిలితే లోపలి ఇనుప చువ్వ బయటికొచ్చి పాదం చీరుతుంది, దాని మీద నీరు నిలిస్తే పాచి పడుతుంది. ఆ కొండ రాయితోనే కట్టండి. ఎత్తు తక్కువగా, అన్నీ ఒకే కొలతలో, డోలీ మలుపు తిరిగేంత వెడల్పుగా, వాననీరు పక్కకు జారిపోయే వాలుతో కట్టండి. జ్వాల దగ్గర ఆపేయండి. ఉగ్రస్తంభానికి పోయే దారి ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి, కన్ను ముందు పోయేవాళ్లకు ఆ మాత్రం చాలు. మెట్లకు కొలతలు తీసే ముందు, డోలీకి వెనక భుజం పట్టే మనిషిని బరువుతో ఒకసారి ఆ దారిన నడిపించి, అతను తడబడిన ప్రతి చోటా సున్నంతో గుర్తు పెట్టండి.