బానెట్ మీద చెయ్యి

పోయిన వారం మా మేనల్లుడు ఒక ఫొటో పంపాడు. 2013 మోడల్ జర్మన్ సెడాన్, నల్ల రంగు, లోపల లేత గోధుమరంగు లెదర్ సీట్లు. "పదకొండున్నర లక్షలకి ఇస్తానంటున్నాడు మామయ్యా. కొత్తలో యాభై లక్షల పైమాటేనట. తీసేసుకోనా?" అన్నాడు. మూడేళ్లుగా అలాంటి పాత బండినే నడుపుతున్నాను కాబట్టి నన్నడిగాడు. ఫోన్లో అవునో కాదో తేల్చే సంగతి కాదది. బండి ఖర్చులు రాసుకునే నోటుబుక్కు తీసి ముందు పెట్టుకున్నాను.

అందులో మొదటి పెద్ద అంకె 58,000. ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసర్.

ఒకరోజు పొద్దున చూస్తే బండి ముందు కుడిపక్కకి కుంగి ఉంది. రాత్రి పెట్టినప్పుడు టైరుకీ ఫెండరుకీ మధ్య నాలుగు వేళ్లు దూరేవి, తెల్లారేసరికి ఒక్క వేలు కూడా పట్టలేదు. స్టార్ట్ చేశాను. ఎక్కడో కింద మోటారు జుయ్‌మంది, నిమిషంలో బండి లేచి సమంగా నిలబడింది. లేచింది కదా అని ఆఫీసుకి వెళ్లిపోయాను. ఆ తర్వాత మూడు వారాలూ అలాగే వెళ్లాను. నేను చేసిన తప్పు అదే.

ఇలాంటి బండ్లలో కొన్నిటికి ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. మెర్సిడెస్ 1998లో ఎస్-క్లాస్‌కి ఎయిర్‌మాటిక్ పేరుతో ఇచ్చింది ఈ పద్ధతే. గతుకుల రోడ్డు మీద దానంత సుఖం మరొకటి లేదు. కానీ రబ్బరు రబ్బరే. ఏళ్లు గడిచేకొద్దీ ముడత పడేచోట సన్నగా పగులుతుంది, గాలి కారుతుంది. కారినదంతా కంప్రెసర్ మళ్లీ నింపుతుంది. రోజుకి రెండు మూడు నిమిషాలు తిరగాల్సిన చిన్న మోటారు అదేపనిగా తిరిగి, వేడెక్కి, చివరికి కాలిపోతుంది.

నేను మొదట వెళ్లిన గ్యారేజీలో స్కానర్ పెట్టారు, కంప్రెసర్ కోడ్ వచ్చింది, కంప్రెసర్ మార్చారు. రెండు నెలలకి కొత్తది కూడా పోయింది. అప్పుడు బాలానగర్ వైపు ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు కూడా ముందు లాప్‌టాప్ తగిలించాడు. చూసి పక్కన పెట్టి, స్ప్రే బాటిల్లో సబ్బునీళ్లు కలుపుకుని బండి కిందికి దూరాడు. కుడి గాలి సంచి (స్ట్రట్) రబ్బరు ముడతల మీద కొట్టి, "ఇలా రండి సార్, చూడండి" అన్నాడు. వంగి చూశాను. ముడత లోపల ఒకేచోట ఆవగింజంత బుడగ ఉబ్బుతోంది, పగులుతోంది, మళ్లీ ఉబ్బుతోంది. లక్ష రూపాయలకి పైగా పోయిన దారి అది.

కొత్త ఒరిజినల్ స్ట్రట్ 1,20,000 అన్నారు. రీబిల్డ్ చేసింది 38,000కి వేయించుకున్నాను. కంప్రెసర్ మళ్లీ కొనాల్సి వచ్చింది. ముందే ఆ బుడగని ఎవరైనా చూపించి ఉంటే 38 వేలతో పోయేది. జబ్బు పట్టుకున్నందుకు ఆ కుర్రాడు విడిగా తీసుకుంది 1,500. సామాను వెయ్యకుండా ఊరికే చూసినందుకు డబ్బులేంటని అక్కడే ఒకాయన గొడవ పెట్టుకోవడం చూశాను. నాకు చాలా బాధేసింది. ఈ బండ్లకి మనం పెట్టే ఖర్చులో అన్నిటికన్నా సార్థకమైంది ఆ పదిహేను వందలే.

ఇంత పెద్ద బండి అంత చవకగా ఎందుకొస్తుందని మేనల్లుడి రెండో ప్రశ్న. ఒక కారణం ఢిల్లీ. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. దాంతో గడువు దగ్గరపడ్డ బండ్లు ఎన్‌ఓసీ తీసుకుని దక్షిణాదికి దిగుతూ వచ్చాయి. అయితే బండి వెల పడిపోయినా స్పేర్ల వెల పడదు. పదకొండు లక్షలకి కొన్నా, హెడ్‌లైటు పగిలితే యాభై లక్షల బండి హెడ్‌లైటే కొనాలి.

నోటుబుక్కులో తర్వాతి పేజీ గేర్‌బాక్స్ ఆయిల్, 42,000. ఈ ఖర్చు మాత్రం ఇష్టంగా పెట్టాను. బీఎండబ్ల్యూ, ఆడి, జాగ్వార్ బండ్లలో చాలావాటికి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసిచ్చేది జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ. ఆ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీలు చెబుతూ వచ్చాయి. గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను చేసినవాడి మాటే వింటాను.

ఆ పని జరుగుతుంటే పక్కనే నిలబడ్డాను. దించిన ఆయిల్ చిక్కటి డికాషన్‌లా ఉంది. అడుగు పళ్లెంలోని అయస్కాంతాల మీద బూడిదరంగు పేస్టు పేరుకుంది, అంతా అరిగిన లోహపు పొడి. కొత్త ఆయిల్ పోశాక అసలు పని మొదలవుతుంది. లెవెల్ చూడడానికి ఇందులో పుల్ల ఉండదు. బండిని లిఫ్టు మీద సమంగా ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి తీసి, ఆయిల్ వేడిని లాప్‌టాప్‌లో చూస్తూ ఉండాలి. 40 డిగ్రీల దగ్గరికి రాగానే పక్కనున్న ప్లగ్గు విప్పాలి. ఎక్కువైన ఆయిల్ కారిపోతూ, ధార సన్నబడి దారంలా అయ్యాక ప్లగ్గు బిగించాలి. కుర్రాడు ఒక కన్ను తెర మీద, ఒక కన్ను ఆ ధార మీద పెట్టి, మాట్లాడకుండా నిలబడ్డాడు. వేడి ఎక్కువైపోయాక విప్పితే, ఉండాల్సిన ఆయిల్ కూడా పోతుంది. ఆ కాస్త లోటుకే కొన్నాళ్లకి గేర్లు కుదుపులు మొదలెడతాయి.

మిగతావి నా బండికి రాలేదు కానీ మేనల్లుడికి చెప్పాను. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్లకి టైమింగ్ చైన్ వెనకపక్క, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ ఒదులైతే మార్చడానికి ఇంజిన్‌నో గేర్‌బాక్స్‌నో దించాలి, చైన్ ఖరీదుకన్నా దించి ఎక్కించే కూలీ ఎక్కువవుతుంది. సన్‌రూఫ్ ఉన్న బండికి నాలుగు మూలలా నీళ్లు పోయే సన్న గొట్టాలుంటాయి. అవి ఆకులతో పూడితే వాన నీరు కార్పెట్ కిందికి చేరి ఎలక్ట్రానిక్ పెట్టెల్ని తినేస్తుంది. ఇక 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో మన హైదరాబాద్‌లో ఎన్ని బండ్లు మునిగాయో చూశాం. అందుకే సీటు పట్టాల కింద వేలు పెట్టి, మట్టి తగులుతుందేమో చూడమన్నాను.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటే. బండిని పొద్దున్నే, చల్లగా ఉండగా చూడాలి. రాత్రంతా కదలకుండా ఉంటేనే గాలి సంచి కుంగుతుంది. చల్లటి ఇంజిన్ తిప్పిన మొదటి రెండు క్షణాల్లోనే ఒదులైన చైన్ గలగలమంటుంది. వేడెక్కితే ఇవన్నీ సర్దుకుంటాయి. "మేమొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందురోజే చెప్పు" అన్నాను.

ఆదివారం ఆరున్నరకి వెళ్లాం. బండి నిజంగానే ముచ్చటగా ఉంది. నాలుగు మూలలూ సమానంగా, తలెత్తుకుని నిలబడింది. మేనల్లుడు లోపలికి తొంగిచూస్తూ లెదర్ మీద చెయ్యి వేశాడు. నేను బానెట్ మీద వేశాను. వెచ్చగా ఉంది.

"ఇప్పుడే కడిగించుకొచ్చాను సార్, మీరొస్తున్నారని" అన్నాడు అమ్మే ఆయన.

"మంచిదండీ. రేపు ఇదే టైముకి మళ్లీ వస్తాం. కడిగించకపోయినా ఫర్వాలేదు, అప్పటిదాకా స్టార్ట్ మాత్రం చెయ్యకండి" అన్నాను. మేనల్లుడు గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.