తల్లి, ఉద్యోగిని, కార్యకర్త: కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’లో శ్రమ స్వరూపం

ఉపోద్ఘాతం

భర్త తోడు లేకుండా బిడ్డలను పెంచిన తల్లి తెలుగు సాహిత్యానికి కొత్త పాత్ర కాదు. నన్నయ ఆదిపర్వంలోని శకుంతల కణ్వాశ్రమంలో కొడుకును కని, పెంచి, అతనిని వెంటబెట్టుకొని దుష్యంతుని సభకు వచ్చింది. కంకంటి పాపరాజు ఉత్తర రామాయణంలోనూ, స్త్రీల రామాయణపు పాటల్లోనూ సీత వాల్మీకి ఆశ్రమంలో కుశలవులను పెంచింది. ఈ రెండు కథలకూ ఒక సామాన్య లక్షణం ఉంది. బిడ్డల పెంపకానికి పట్టిన ఏండ్లు కథలో త్వరగా గడిచిపోతాయి. తండ్రి బిడ్డలను గుర్తించే ఘట్టం మాత్రం విస్తరిస్తుంది. తల్లి పడిన శ్రమకు సాఫల్యం తండ్రి అంగీకారంలో కనిపిస్తుంది. ఆమె ఏమి తిన్నది, ఎవరి అండన నిలిచింది, ఆ అండకు ప్రతిగా ఏమి చేసింది అన్న ప్రశ్నలకు ఆశ్రమం అన్న ఒక్క మాటే సమాధానం.

ఆధునిక కాలంలో ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన ప్రక్రియ ఆత్మకథ. 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ అటువంటి సమాధానాన్ని ఇచ్చిన ముఖ్యమైన రచన. ఒంటరి తల్లిగా, హాస్టల్ ఉద్యోగినిగా, ఉద్యమ కార్యకర్తగా ఆమె నిర్వహించిన మూడు బాధ్యతల మధ్య సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ రచనను త్యాగగాథగా చదివే అలవాటు దీనిలోని శ్రమ విచారణను మరుగుపరుస్తుందన్నది ఇక్కడి ప్రతిపాదన.

రచయిత్రి, కాలం

కోటేశ్వరమ్మ 1918లో కృష్ణా జిల్లా పామర్రులో జన్మించారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, వెంటనే వైధవ్యం ఆమె బాల్యాన్ని నిర్ణయించాయి. సంస్కరణోద్యమ ప్రభావం, తరువాత వామపక్ష రాజకీయాలు ఆమెను మరొక దారికి మళ్ళించాయి. కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ పని, మహిళా సంఘం, సాంస్కృతిక ప్రదర్శనలు, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో అజ్ఞాతవాసం వరుసగా ఆమె జీవితంలోకి వచ్చాయి. ఆ తరువాత భర్త ఆమెను విడిచిపెట్టారు. అప్పటికి ఆమెకు ఇద్దరు బిడ్డలు. చేతిలో డిగ్రీ లేదు, ఆదాయం లేదు.

ముప్పై ఏండ్లు దాటిన వయసులో ఆమె హైదరాబాదులోని ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. అనంతరం కాకినాడ మహిళా పాలిటెక్నిక్ హాస్టల్‌లో మేట్రన్‌గా పనిచేశారు. ‘అమ్మ చెప్పిన ఐదు గేయాలు’, ‘అశ్రు సమీక్ష’, ‘సంఘమిత్ర కథలు’ ఆమె ఇతర రచనలు. కొడుకు నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. వైద్యురాలైన కూతురినీ ఆమె పోగొట్టుకున్నారు. 2018లో నూరేళ్ళు నిండిన తరువాత విశాఖపట్నంలో కన్నుమూశారు. తొంభై ఏండ్లు పైబడిన వయసులో వెలువరించిన ఆత్మకథ కావడం వల్ల ఈ రచనలో దూరం నుంచి చూసే చూపు ఉంది. ఫిర్యాదు స్వరం తక్కువ, నమోదు చేసే స్వరం ఎక్కువ.

శీర్షికలోని స్థానం

తెలుగు స్త్రీల స్వీయచరిత్రలలో దాంపత్యాన్ని శీర్షికలోనే ప్రకటించినవి ఉన్నాయి. బసవరాజు రాజ్యలక్ష్మమ్మ రచన ‘అప్పారావుగారూ నేనూ’. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1980లో ఆంగ్లంలో వెలువరించిన జ్ఞాపకాల గ్రంథం ‘చింతామన్ అండ్ ఐ’. ఈ శీర్షికలు ఆ స్త్రీల స్వతంత్ర కృషిని తగ్గించవు. అయినా పాఠకుడిని మొదట ఒక జంట ముందు నిలబెడతాయి. కోటేశ్వరమ్మ శీర్షికలో భర్త పేరు లేదు, తన పేరూ లేదు, తల్లి అన్న మాటా లేదు. ఉన్నది ఒక కట్టడం. వారధి ఇతరులను దాటించేది. నిర్జనం అన్న విశేషణం దాటినవారు తిరిగి చూడలేదన్న విషయాన్ని చెబుతుంది.

సీతారామయ్య 1980లో ఏర్పడిన పీపుల్స్‌వార్ వ్యవస్థాపకుడు కావడం వల్ల ఈ రచనను ఆయన జీవితానికి అనుబంధంగా చదవడం సులభం. శీర్షిక ఆ పఠనాన్ని ముందే నిరాకరిస్తుంది. 1940ల ఉద్యమ తరానికీ 1970ల ఉద్యమ తరానికీ మధ్య నిలిచిన తల్లి కథ ఇది. మొదటి తరంలో ఆమె కార్యకర్త. రెండవ తరంలో కార్యకర్తను కన్న తల్లి. ఈ రెండు స్థానాల్లో పార్టీ ఆమె నుంచి కోరింది ఒకటే: ఎడబాటును భరించడం.

హాస్టల్: కూలికి చేసిన మాతృత్వం

పురాణ కథలోని ఆశ్రమానికి ఆధునిక రూపం హాస్టల్ అనుకుంటే, ‘నిర్జన వారధి’లోని ప్రధానమైన మార్పు స్పష్టమవుతుంది. శకుంతలకూ సీతకూ ఆశ్రమం ఆశ్రయం ఇచ్చింది. కోటేశ్వరమ్మకు హాస్టల్ జీతం ఇచ్చింది. ఆమె అక్కడ ఆశ్రితురాలు కాదు, బాధ్యురాలు. చదువు కోసం ఇల్లు విడిచి వచ్చిన అమ్మాయిల తిండి, ఆరోగ్యం, వేళలు, భద్రత చూడడం మేట్రన్ ఉద్యోగంలోని పని. సమాజం తల్లి పని అని పిలిచే పనులే ఇవి. తేడా ఒక్కటే. ఇంట్లో చేస్తే వాటికి పేరు మమత. హాస్టల్‌లో చేస్తే నెల తిరిగేసరికి జీతం.

ఈ ఉద్యోగం ఆమెకు దొరకడం వెనుక కూడా ఒక చరిత్ర ఉంది. చదువు మధ్యలో ఆగిన, లేదా మొదలే కాని వయోజన స్త్రీలకు తక్కువ కాలంలో మెట్రిక్ స్థాయికి చేరే అవకాశం కల్పించిన సంస్థల్లో ఆంధ్ర మహిళా సభ ముఖ్యమైనది. దానిని స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. కాంగ్రెస్ సంస్కరణ ధోరణిలో పుట్టిన సంస్థ ఒక కమ్యూనిస్టు కార్యకర్తకు జీవనాధారం చూపింది. రాజకీయ విభేదం ఎంత లోతైనదైనా, విడిచిపెట్టబడిన స్త్రీకి చదువు, వసతి, ఉపాధి మూడింటినీ కలిపి ఇవ్వగలిగింది సేవా సంస్థే. సేవ చేయడమే కాదు, మరొకరు చేసిన సేవను అందుకోవడం కూడా ఈ జీవితకథలో భాగం. సేవికగా మాత్రమే ఆమెను కీర్తించే పఠనం ఈ రెండవ భాగాన్ని వదిలేస్తుంది.

ఇక్కడే ఒక వైరుధ్యం కూడా ఉంది. చదువు కోసం, బతుకుతెరువు కోసం తల్లి ఇతరుల బిడ్డలున్న చోటికి వెళ్ళవలసి వచ్చింది. తన బిడ్డలకు దూరం కావడమే తన బిడ్డల కోసం చేసే పని అయింది. సంపాదన తల్లితనానికి అడ్డు అన్న అభిప్రాయానికీ, సంపాదనతో తల్లి సమస్యలన్నీ తీరుతాయన్న అభిప్రాయానికీ ఈ ఘట్టం లొంగదు.

సమతౌల్యం అన్న మాట

ఇల్లు, ఉద్యోగం, సమాజసేవ మూడింటినీ సమన్వయం చేసుకున్న స్త్రీ అన్న ప్రశంస నేటి సన్మాన పత్రాల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ ప్రశంసలోని తక్కెడ ఎవరి చేతిలో ఉందో అది చెప్పదు. ఆర్లీ హాక్‌షీల్డ్ ‘ది సెకండ్ షిఫ్ట్’ (1989) ఉద్యోగినులు ఇంటికి వచ్చాక చేసే రెండవ విడత పనిని చర్చకు తెచ్చింది. ఆ చర్చకు కేంద్రం దంపతుల మధ్య పని పంపకం. పంచుకోవలసిన మనిషే లేని ఇంట్లో ప్రశ్న మారుతుంది. అక్కడ పని ఎంత న్యాయంగా పంచుకున్నారని అడగలేము. ఆ పని ఎవరి మీదికి జరిగిందని అడగాలి.

‘నిర్జన వారధి’ ఆ ప్రశ్నకు ఇచ్చే సమాధానం అమ్మమ్మ. అజ్ఞాతవాస కాలంలో బిడ్డల బాధ్యతను మోసింది కోటేశ్వరమ్మ తల్లి. ఒంటరి తల్లి అన్న పదంలోని ఒంటరితనం దాంపత్యాన్ని కొలబద్దగా పెట్టుకున్నది. పెంపకం కోణంలో చూస్తే ఆ తల్లి వెనుక మరొక తల్లి ఉంది. ఆమె కార్యకర్త కాదు, ఉద్యోగిని కాదు, ఏ ఉద్యమ చరిత్రలోనూ నాయకురాలిగా నమోదు కాదు. అయినా కూతురు రహస్య స్థావరాల్లో గడిపిన ప్రతి రోజుకూ ఇంటి దగ్గర ఆమె చేసిన ఒక రోజు పని ఆధారం. ఉద్యమానికి అందిన సేవలో ఈ పని కూడా కలిసి ఉంది. ఆత్మకథ తల్లిని పదేపదే తలచుకోవడం కేవలం అనురాగ ప్రకటన కాదు. అది అప్పు ఒప్పుకోవడం.

ఈ ఆసరా అందరికీ దొరకలేదు. స్త్రీశక్తి సంఘటన సేకరించి ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) తెలంగాణ పోరాట స్త్రీల మౌఖిక కథనాలను తొలిసారి ఒక్కచోట చేర్చింది. అందులో కమలమ్మ కథనం అడవిలో, దళ జీవితంలో కన్న బిడ్డను ఇతరులకు అప్పగించవలసి వచ్చిన తల్లిది. వెట్టిలో మగ్గిన కుటుంబం నుంచి వచ్చిన ఆ తల్లికి బిడ్డను క్షేమంగా దాచి పెంచగల పుట్టిల్లు లేదు. కృష్ణా డెల్టా రైతు కుటుంబం నుంచి వచ్చిన కోటేశ్వరమ్మకు ఉంది. రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, మాతృత్వానికీ ఉద్యమానికీ మధ్య సమన్వయం వ్యక్తి సామర్థ్యం మీద కంటే కుటుంబం స్థితి మీద ఎక్కువగా ఆధారపడిందని తెలుస్తుంది. ‘నిర్జన వారధి’ ఈ వర్గ భేదాన్ని తనంత తానుగా విశ్లేషించదు. ఇది ఈ రచనకున్న పరిమితి. ఆ విశ్లేషణకు కావలసిన ఆధారాలను దాచకపోవడం దాని నిజాయితీ.

త్యాగమా, శ్రమా?

ఈ ఆత్మకథను విషాదగాథగా, రచయిత్రిని త్యాగమూర్తిగా గౌరవించే ధోరణి సహజమే. బాల్యవైధవ్యం, పరిత్యాగం, బిడ్డల మరణం ఒకే జీవితంలో కలిసినప్పుడు పాఠకుడికి మొదట తోచే మాట త్యాగం. కాని విమర్శ ఆ మాట దగ్గర ఆగిపోతే ఒక నష్టం జరుగుతుంది. త్యాగం చేసినవారికి నమస్కరిస్తే సరిపోతుంది. శ్రమ చేసినవారికి లెక్క చెప్పవలసి ఉంటుంది. త్యాగమయి అన్న బిరుదు ఆమెను ఎత్తున నిలబెట్టి, ఆమె వేసిన ప్రశ్నలను కింద వదిలేస్తుంది.

ఆ ప్రశ్నలు కఠినమైనవి. పూర్తికాలం కార్యకర్తగా ఏండ్ల తరబడి పనిచేసిన స్త్రీ భర్త విడిచిపెట్టిన మరునాటికి చదువూ ఆధారమూ లేని మనిషిగా ఎందుకు మిగిలింది? భార్యాభర్తల మధ్య తగవు సొంత విషయమని సంస్థ పక్కకు తప్పుకొంటే, అంతవరకు ఆ దాంపత్యం నుంచి సంస్థ పొందిన సేవ మాటేమిటి? తండ్రి రాజకీయ జీవితం కొనసాగడానికి పిల్లల పెంపకం ఆటంకం కాలేదు. తల్లి రాజకీయ జీవితం ఆ పెంపకం చుట్టూ ఎందుకు కుంచించుకుపోయింది? కోటేశ్వరమ్మ వీటిని వాదంగా మలచలేదు. జరిగినదాన్ని వరుసగా, వాడుక మాటల్లో చెప్పారు. ఆ వరుసే వాదంగా నిలుస్తుంది.

ఆమె ఉద్యమాన్ని నిరాకరించలేదన్నది గమనించవలసిన మరో విషయం. వ్యక్తులు చేసిన అన్యాయాన్నీ, ఆశయం మీది విశ్వాసాన్నీ ఆమె వేరువేరుగా చూశారు. అందువల్ల ఈ రచన ఉద్యమ వ్యతిరేక సాక్ష్యంగా వాడుకోవడానికి పనికిరాదు. ఉద్యమ కీర్తనగా కూడా పనికిరాదు. తాను ప్రేమించిన సంస్థను లెక్క అడిగే హక్కు తనకుందని నమ్మిన కార్యకర్త స్వరం ఇది. ఆ హక్కు ఆమెకు బాధ వల్ల వచ్చింది కాదు, పని వల్ల వచ్చింది.

ముగింపు

శకుంతల కథకు అశరీరవాణి ముగింపు పలికింది. సీత కథకు భూమి ముగింపు పలికింది. కోటేశ్వరమ్మ కథకు బయటినుంచి వచ్చిన సాక్షి లేరు. సాక్ష్యం చెప్పే పని కూడా ఆమే చేయవలసి వచ్చింది. ఆ విధంగా ఆత్మకథా రచన ఆమె చేసిన మూడు పనులకు తోడైన నాలుగవ పని అయింది.

‘నిర్జన వారధి’ ఒంటరి మాతృత్వాన్ని తండ్రి గుర్తింపు నుంచి విడదీసి జీవనోపాధితో, సంస్థలతో, మరొక స్త్రీ శ్రమతో ముడివేసింది. తెలుగు స్త్రీల ఆత్మకథల అధ్యయనంలో ఇది ఒక మలుపు. ఉద్యమ కాలపు స్త్రీల రచనలను పరిశీలించేటప్పుడు వారు ఏమి వదులుకున్నారన్న ప్రశ్నతో పాటు వారు ఏ పని చేశారు, ఆ సమయంలో వారి ఇంటి పని ఎవరు చేశారు, దానికి ఎవరు ఏమి ఇచ్చారు అన్న ప్రశ్నలను కూడా వేయవలసి ఉంది. ఆ ప్రశ్నలు వేసినప్పుడు వారధి కింద ఉన్న స్తంభాలు కూడా కనిపిస్తాయి. వాటిలో మొదటిది పిల్లలను ఒడిలో పెట్టుకొని కూతురి రాక కోసం ఎదురుచూసిన అమ్మమ్మ.