ఊకతో ఒరుసుకునే రబ్బరు

ఈ కాలమ్ రాసే మనిషి బల్ల మీద రెండు రబ్బరు ముక్కలున్నాయి. రెండూ లేత గోధుమ రంగువే, రెండూ రైస్ మిల్లు షెల్లర్ రోలర్ల నుంచి కోసినవే. బొటనవేలితో ఎంత నొక్కినా ఏది ఏదో తెలియదు. తణుకు దగ్గర ఒక మిల్లులో ఏళ్లుగా షెల్లర్ చూసుకుంటున్న పెద్దాయన వీటిని కోసిచ్చి ఒక్క మాటే అన్నాడు: "రెండూ గట్టియేనండీ. ఒకటి ఆగుద్ది, రెండోది ఆగదు."

అరిగిపోయిన రెండో రోలరు అమ్మినవాడు గట్టిదనం చూపించే అమ్మాడు. గేజి పెట్టి అంకె చదివి మరీ ఇచ్చాడు. అంకెలో అబద్ధం లేదు. సరుకు మాత్రం ధాన్యం ముందు నిలవలేదు. ఆ తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే, రబ్బరులో కలిపే పొడుల దగ్గర తేలింది.

షెల్లర్‌లో జరిగేది చూడ్డానికి చిన్న పనే. ఇనప డ్రమ్ము మీద రబ్బరు పట్టించిన రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకటి వేగంగా, రెండోది సుమారు పాతిక శాతం నెమ్మదిగా. ఆ వేగాల తేడాకే గింజకు అటువైపు పొట్టు ఒకలా, ఇటువైపు పొట్టు ఇంకోలా లాగబడి ఊడి వస్తుంది. రోకటి పోటు, పాత హల్లర్ రాపిడి గింజను విరిచేసేవి. రబ్బరు విరవదు, తొడుగు విప్పుతుంది. తెలుగువాడు రోలు నుంచి రోలరుకి రావడంలో దక్కిన లాభం ఆ విరగని గింజే.

ఆ లాభానికి మూల్యం చెల్లించేది రబ్బరే. ధాన్యం పొట్టు నిండా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం. ఊక కాలిస్తే మిగిలే బూడిదలో నూటికి 85 నుంచి 95 వంతులు అదే. కాబట్టి రోలరు రోజంతా గరుకు కాగితానికి ఒరుసుకుంటున్నట్టే లెక్క. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. అందుకే దాన్ని నెమ్మదిగా తిరిగే చోటికి, నెమ్మదిదాన్ని వేగం చోటికి మారుస్తుంటారు. ఉప్పుడు బియ్యం ఆడేటప్పుడు కొంత సుఖం. నానబెట్టి ఆవిరి పట్టిన ధాన్యానికి పొట్టు ముందే వదులవుతుంది. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 3626, రైతుల నోట బొండాలు, అలా ఉప్పుడు బియ్యమై కేరళకు పోతుంది. మన దేశపు రబ్బరులో పెద్ద వాటా వచ్చేదీ కేరళ నుంచే. పచ్చి బియ్యం ఆడే రోజుల్లో మాత్రం రోలర్ల ఖర్చు చూసి మిల్లు యజమాని మొహం మారుతుంది.

సహజ రబ్బరు ఒంటరిగా బలహీనమైనదని అనుకోకూడదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టినట్టు గంధకంతో ఉడికిస్తే అది ఎన్నో రెట్లు సాగుతుంది. సాగేకొద్దీ లోపలి పొడవాటి అణువుల గొలుసులు వరుసలో కుదురుకుని స్ఫటికాలు కడతాయి. తెగబోయే చోట తనను తానే బిగించుకునే పదార్థాలు చాలా తక్కువ. కానీ గరుకు నేలకు రాస్తే మాత్రం ఓడిపోతుంది. పైగా మెత్తన: గట్టిదనం కొలిచే షోర్ గేజి మీద 40 దరిదాపుల్లో ఉంటుంది. షెల్లర్ రోలరుకి కావలసింది 85 నుంచి 95. అందుకే రోలరులోకి సహజ రబ్బరుతో పాటు సింథటిక్ రబ్బరు, గట్టి రెజిన్లు, అన్నిటికన్నా ముఖ్యంగా ఫిల్లర్ అనే పొడి వచ్చి చేరతాయి.

ఫిల్లర్ అనగానే చాలామందికి కల్తీ గుర్తొస్తుంది. పాలలో నీళ్లు, కారంలో ఇటుక పొడి చూసిన కళ్లకు అలా అనిపించడం సహజం. ఇక్కడ సంగతి వేరు. లండన్ దగ్గర సిల్వర్‌టౌన్ ఫ్యాక్టరీలో ఎస్.సి. మోట్ 1904లో రబ్బరులో కార్బన్ బ్లాక్ కలిపి చూసేదాకా టైర్లు తెల్లగా, బూడిద రంగులో ఉండేవి, తొందరగా అరిగేవి. ఆ మసిపొడి పడ్డాకే టైరు ఆయుష్షు రెట్లలో పెరిగింది. తణుకు మీదుగా పోయే హైవే పక్కన రీట్రెడింగ్ షాపులో లారీ టైరుకు అతికే పట్టీ నల్లగా ఉండటానికి కారణం అదే. అక్కడ మసి తీసేస్తే మిగిలేది రబ్బరు కాదు, బాధే.

ఎంత కలిపితే ఎంత గట్టిపడుతుందో రబ్బరు మిక్సింగ్ మిల్లు వాళ్లకు నోటి లెక్క ఉంటుంది. కొలతలన్నీ 100 భాగాల రబ్బరుకి ఇంత అనే పద్ధతిలో. ఆవపిండి కొలతను బట్టి ఉప్పూ కారమూ నూనే చెప్పినట్టు. షోర్ గేజి ఒక్క అంకె పైకి పోవాలంటే టైర్లలో వాడే కార్బన్ బ్లాక్ రెండు భాగాలు చాలు. గట్టి రకం చైనా క్లే అయితే నాలుగు. సుద్దపొడి అయితే ఏడు. నూనె రెండు భాగాలు పోస్తే ఒక అంకె కిందికి. అంటే 40 ఉన్న రబ్బరును 60కి తేవడానికి బ్లాక్ 40 భాగాలు పడుతుంది, సుద్ద 140 భాగాలు. గేజికి రెండూ ఒకటే అరవై. కానీ రెండోదాంట్లో రబ్బరు కన్నా సుద్దే ఎక్కువ!

పెద్దాయన చెప్పిన "ఆగదు" ఇక్కడే ఉంది. ఫిల్లర్ రబ్బరును పట్టుకునేది తన ఒంటి మీది ఉపరితలంతో. రబ్బరులో ఫిల్లర్‌గా వాడే మామూలు సిలికా ఒక్క గ్రాము రేణువులన్నీ పరిస్తే 170 చదరపు మీటర్లు, రెండొందల గజాల ఇంటి స్థలం. మిల్లులో నూరిన సుద్ద ఒక గ్రాము నులక మంచమంత జాగా పరిస్తే గొప్ప. ఇంటి స్థలమంత చోట రబ్బరు గొలుసులు అతుక్కుంటే ఊక గీరినా ఊడవు. మంచమంత చోట అతుక్కున్నవి రేణువుతో సహా రాలిపోతాయి.

సుద్దను తిట్టాల్సిన పని లేదు. బడిపిల్లల రబ్బరు అరగాలి, అరిగితేనే అది పెన్సిల్ గీత చెరుపుతుంది. గుమ్మం ముందు మ్యాట్‌కి చవకే ముఖ్యం. అక్కడ సుద్ద సరైన సరుకు. దాన్నే రోలరులో పోసి గేజి చూపించి అమ్మడం మాత్రం రైతు గింజను, మిల్లువాడి డబ్బును కలిపి మోసం చేయడం.

ఈ మోసాన్ని పట్టుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఆ రెండు ముక్కలూ ఒకే సైజుకు కోసి బంగారు కొట్టు త్రాసులో వేస్తే రెండోది బరువు తూగింది. నీటి లెక్కలో రబ్బరు సాంద్రత 0.93, సిలికా 2, సుద్ద 2.7. తర్వాత రెండింటి అంచులూ కాల్చి, మిగిలిన తెల్ల బూడిద మీద నిమ్మచెక్క పిండితే మొదటిది మిన్నకుంది. రెండోది బుసబుసా పొంగింది. సుద్ద పులుపుకు పొంగుతుంది, సిలికా కదలదు.

రోలరులో కార్బన్ బ్లాకే ఎందుకు పోయరంటే, నల్ల రబ్బరు తెల్ల బియ్యానికి మరక అంటిస్తుంది. అందుకని సిలికా. అది మంచి పనివాడే గానీ మొండివాడు. దాని ఒళ్లంతా నీటిని ఇష్టపడుతుంది, రబ్బరేమో నూనె జాతి. కలవనని ముద్దలు కడుతుంది. రబ్బరు తొందరగా ఉడకడానికి వేసిన యాక్సిలరేటర్‌ను తానే పీల్చుకుంటుంది. అందుకే గ్లైకాల్ కొంచెం పోసి దాన్ని ముందే తడుపుతారు, లేదా సిలేన్ అనే మధ్యవర్తి రసాయనంతో రబ్బరుకి ముడివేస్తారు. మిషెలిన్ 1992లో తెచ్చిన ఇంధనం ఆదా చేసే టైరు ఈ ముడి మీదే నిలబడింది. గోదావరి జిల్లాల ముసురులో సిలికా బస్తా మూతి విప్పి వదిలేస్తే గాలిలో తేమంతా అందులోకే. ఉడకబెట్టేటప్పుడు ఆ తప్పు బయటపడుతుంది.

కలిపే వరుస కూడా ముఖ్యమే. ముందు రబ్బరును రెండు రోలర్ల మధ్య నమిలి మెత్తబరచాలి. ఆ తర్వాత జింక్ ఆక్సైడ్, స్టియరిక్ ఆమ్లం, విడతలుగా ఫిల్లర్, కొద్దిగా నూనె. గంధకం, యాక్సిలరేటర్ అన్నిటికన్నా చివర. ముందే వేస్తే మిల్లు వేడికి రబ్బరు అచ్చులోకి చేరకముందే ఉడికిపోతుంది.

ఇక ఊక సంగతి. వంద కిలోల ధాన్యానికి ఇరవై కిలోల ఊక, దాన్ని కాలిస్తే నాలుగు కిలోల బూడిద. గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ 2014లోనే ఊక బూడిద నుంచి తీసిన సిలికాను టైర్లలో వాడతామని ప్రకటించింది. బూడిదను ఊరికే నూరి కలిపితే పెద్ద ఫలితం రాదు. మంట మరీ ఎక్కువైతే సిలికా స్ఫటికమై రబ్బరుకి పనికిరాదు, ఊపిరితిత్తులకు చేటు కూడా. తక్కువ వేడిలో కాల్చి, కాస్టిక్ సోడాలో కరిగించి, ఆమ్లంతో మళ్లీ విడదీస్తే మేలు రకం పొడి వస్తుంది. తణుకులో 1947లో పుట్టిన ఆంధ్రా షుగర్స్ కొవ్వూరు వైపు తన ఫ్యాక్టరీల్లో కాస్టిక్ సోడా, సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండూ చేస్తోంది. ఊక ఇక్కడిదే, రోలర్లు అరిగేదీ ఇక్కడే. మధ్యలో ఉండాల్సిన ఆ ఒక్క పని ఇక్కడే జరగాలని ఈ కాలమ్ రాసే మనిషికి గట్టి కోరిక.

ఈ సంగతి చెబితే పెద్దాయన బాయిలర్ దగ్గర్నుంచి చిటికెడు బూడిద తెచ్చి వేళ్ల మధ్య నలిపాడు. "దీన్నే అందులో ఏత్తారాండీ?" అన్నాడు. ఇంకేదో అడగబోయి ఆగాడు. షెల్లర్ మోత మారింది. బూడిద చెయ్యి పంచెకు తుడుచుకుని, రోలర్లు అటూ ఇటూ మార్చడానికి పానా అందుకున్నాడు.